ఆఫీసు ఫోన్ నుంచి రాత్రిపూట మాల్దీవులకి కాల్స్: అవుట్‌గోయింగ్ ఎలా కట్టడి చేయాలి?

రేవు_గుమస్తా (సోమవారం, ఉదయం 10:40)

అందరికీ నమస్కారం. నేను విశాఖ పోర్టు దగ్గర ఒక చిన్న కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసులో అడ్మిన్ పని చూస్తాను. టీ డబ్బుల నుంచి టెలిఫోన్ బిల్లు దాకా అన్నీ నా నెత్తి మీదే. మాది పాత ఈపీఏబీఎక్స్ (లోపలి ఫోన్లని బయటి లైన్లకి కలిపే డబ్బా), 3 లైన్లు, 16 ఎక్స్‌టెన్షన్లు. మాన్యువల్ సగం చెదలు తినేశాయి, మిగతా సగం ఎక్కడుందో తెలీదు.

విషయం ఏమిటంటే ఈ నెల బిల్లులో ఐఎస్‌డీ (విదేశీ కాల్స్) కింద 4,000 చిల్లర పడింది. కొలంబోలో ఒక కొత్త పార్టీ తగిలితే వాళ్ళతో మాట్లాడ్డానికి 3 నెలల కిందట ఒకటో లైన్‌కి ఐఎస్‌డీ తెరిపించాం. ఆ కాల్స్‌కి లెక్క ఉంది. మిగిలినవి 23 కాల్స్, అన్నీ మాల్దీవులకి! అన్నీ రాత్రి 9 దాటాకే, ఆదివారాలు కూడా ఉన్నాయి. ఒక్కోటి అర నిమిషం, మహా అయితే నిమిషం. మాకు అక్కడ వ్యాపారం లేదు, చుట్టాలు లేరు, బీచ్‌కి పోవాలంటే మాకు ఆర్కే బీచ్ చాలు.

ఆ టైమ్‌లో ఆఫీసులో ఉండేది వాచ్‌మన్ ఒక్కడే. "వాడికి మాల్దీవుల్లో ఎవరున్నారయ్యా?" అని ఓనర్ గారు నన్ను నిలదీస్తున్నారు. జీతంలో కోసేయమంటున్నారు, అన్ని ఫోన్లకీ బయటి కాల్స్ లాక్ చేసేయమంటున్నారు. అలా చేస్తే మాకు పని నడవదు, లారీ డ్రైవర్లతో, పోర్టు లోపలున్న మా కుర్రాళ్ళతో రోజంతా మొబైల్‌కి మాట్లాడాలి. ఎవరికి ఏది వదలాలి, ఏది ఆపాలి, దారి చెప్పండి. టెన్షన్‌గా ఉంది.

కొండమీద_సర్వర్ (సోమవారం, ఉదయం 11:05)

ఇంకా ఈ రోజుల్లో ఆ పాత డబ్బాలు వాడుతున్నారా బాసూ. తీసి పక్కన పడేసి ఆస్టరిస్క్ అనే ఫోన్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి. పాత కంప్యూటర్ ఒకటి చాలు, సాఫ్ట్‌వేర్ ఉచితం. ఎవరు ఏ నంబరు చేయొచ్చో ఒక్కో ఎక్స్‌టెన్షన్‌కి వేరుగా రాసుకోవచ్చు, ఐఎస్‌డీకి పాస్‌వర్డ్ అడిగేలా పెట్టొచ్చు. మా రుషికొండ ఆఫీసులో 60 మందికి అదే.

ఇక మీ మాల్దీవుల సంగతి. నాకైతే హ్యాకింగ్ అనిపిస్తోంది. రాత్రుళ్ళు, ఆదివారాలు, ఎవరూ చూడని టైమ్. అచ్చం అలాగే చేస్తారు. మీ డబ్బాలో డిసా ఉందేమో చూడండి. అంటే బయటి నుంచి ఆఫీసుకి ఫోన్ చేసి, రికార్డింగ్ వినపడుతుండగానే కోడ్ నొక్కి, మీ లైన్ మీద నుంచే ఇంకో చోటికి కాల్ చేసే సౌకర్యం. కోడ్ 1234 అని వదిలేసినవాళ్ళు బోలెడు మంది.

రేవు_గుమస్తా (సోమవారం, ఉదయం 11:20)

డిసా ఉందో లేదో తెలీదండీ. కానీ మీరు హ్యాకింగ్ అన్నాక ఒకటి గుర్తొచ్చింది. పగటి పూట మా రిసెప్షన్ అమ్మాయికి 960తో మొదలయ్యే ఫారిన్ నంబరు నుంచి నాలుగైదు సార్లు ఫోన్ వచ్చిందట. అవతల ఎవరో అర్థం కాని భాషలో, మధ్యలో ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడితే భయపడి పెట్టేసిందట.

కొండమీద_సర్వర్ (సోమవారం, ఉదయం 11:24)

చూశారా! అదే. ఖాయం. తిరిగి మాత్రం చేయకండి.

క్రోన్‌బాక్స్ (సోమవారం, మధ్యాహ్నం 1:50)

దొండపర్తిలో 18 ఏళ్ళుగా ఈపీఏబీఎక్స్‌లు బిగించి రిపేరు చేస్తున్నా, కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపిక పట్టండి. సర్వర్ తమ్ముడు డబ్బా మార్చేయమంటాడు, మారిస్తే ఓనరు గారు ముందు ఈయన్ని మారుస్తారు. ఉన్నదాంతోనే చేయొచ్చు.

మీ డబ్బాలో ప్రతి ఎక్స్‌టెన్షన్‌కి ఒక క్లాస్ ఉంటుంది. సాధారణంగా 1 అంటే అంతా ఓపెన్, అంకె పెరిగేకొద్దీ బిగుసుకుంటుంది, ఆఖరుది లోపలి కాల్స్‌కి మాత్రమే. ఒక్కో క్లాస్‌కి ఏ అంకెలతో మొదలయ్యే నంబర్లు ఆపాలో ఒక పట్టిక ఉంటుంది, ఏవి ఎలాగైనా పోనివ్వాలో ఇంకో పట్టిక. వెనకటికి పని చాలా తేలిక. ఎస్‌టీడీ (వేరే ఊళ్ళ కాల్స్) ఆపాలంటే 0 బార్ చేసేవాళ్ళం, ఐఎస్‌డీ దానంతటదే ఆగిపోయేది, లోకల్ నంబర్లూ మొబైళ్ళూ పోయేవి.

2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేయాలంటే ముందు 0 తప్పనిసరి అయింది కదా. ఆ వారం నాకు తిండి లేదు. ఊళ్ళో 0 బార్ చేసిన ప్రతి ఆఫీసులోనూ మొబైల్ కాల్స్ ఆగిపోయాయి. గాజువాక నుంచి మధురవాడ దాకా ఒకటే ఫోన్లు. చాలామంది టెక్నీషియన్లు ఏం చేశారో తెలుసా, పట్టిక సరిచేసే ఓపిక లేక అందరికీ క్లాస్ 1 పెట్టేసి వెళ్ళిపోయారు. అబద్ధం ఎందుకు, రెండు చోట్ల నేనూ అదే చేశా. మీ ఆఫీసులోనూ అదే జరిగి ఉంటుంది. అందుకే ఇప్పుడు ఎవరు ఎక్కడి నుంచి నొక్కినా 00, అంటే ఐఎస్‌డీ, పోతోంది.

"సరే, 06, 07, 08, 09 మాత్రం వదిలి మిగతా 0 అంతా ఆపుదాం, మొబైల్ నంబర్లన్నీ 6 నుంచి 9 లోపు మొదలవుతాయి కదా" అని కొందరు తెలివి చూపిస్తారు. చేసి చూడండి, తమాషాగా ఉంటుంది. హైదరాబాద్ 040, చెన్నై 044, ఢిల్లీ 011 ఆగిపోతాయి. బెంగళూరు 080 మాత్రం హాయిగా పోతుంది. భువనేశ్వర్ 0674 పోతుంది. మన ఆంధ్రా కోడ్‌లన్నీ 08తోనే కాబట్టి విజయవాడ 0866, కాకినాడ 0884 అన్నీ పోతాయి. అంటే ఎస్‌టీడీ ఆపినట్టూ కాదు, వదిలినట్టూ కాదు. పైగా ఇప్పుడు చాలా ప్లాన్లలో ఎస్‌టీడీకి వేరే చార్జీ లేదు. నా మాట వింటే 0 మొత్తం వదిలేయండి, 00 ఒక్కటి ఆపండి. కొలంబో మాట్లాడే ఆ ఒక్క టేబుల్‌కి మాత్రం పిన్ ఇవ్వండి.

డాబాగార్డెన్స్_లాడ్జి (సోమవారం, సాయంత్రం 4:15)

క్రోన్‌బాక్స్ అన్న చెప్పినదానికి నా అనుభవం రెండు ముక్కలు. క్లాస్ ఎంత బిగించినా జనం సందులు వెతుకుతారు. మా లాడ్జిలో ఒకడు తన ఎక్స్‌టెన్షన్‌ని ఇంట్లో మొబైల్‌కి ఫార్వర్డ్ చేసి పెట్టాడు. తర్వాత లోపలి నుంచి ఎవరు ఆ ఎక్స్‌టెన్షన్ నొక్కినా ఆఫీసు లైన్ మీద బయటికి పోయేది. బార్ చేసిన గది నుంచి కూడా! రెండు నెలలు పట్టింది కనిపెట్టడానికి. కాబట్టి బయటి నంబర్‌కి ఫార్వర్డ్ చేసే హక్కు ముందు తీసేయండి.

రెండోది స్పీడ్ డయల్. కొన్ని డబ్బాల్లో సిస్టమ్ స్పీడ్ డయల్‌లో నంబరు పెడితే క్లాస్ చూడకుండా పంపేస్తుంది. అది మంచికీ వాడొచ్చు, గుమాస్తాకి బయటి కాల్స్ బంద్ చేసి, అవసరమైన పది నంబర్లు మాత్రం స్పీడ్ డయల్‌లో ఇవ్వొచ్చు. కానీ ఆ జాబితాలోకి ఎవరు ఏం ఎక్కిస్తున్నారో చూసుకోవాలి.

మూడోది, రెండే అన్నాను గానీ ఇది చెప్పకపోతే నిద్ర పట్టదు. మీ ఎక్స్‌టెన్షన్ నంబర్లు 101 నుంచి మొదలైతే 108 ఎవరిదో చూసుకోండి. మా లాడ్జిలో ఒక రాత్రి 2 గంటలకి పెద్దాయనకి గుండెల్లో నొప్పి వస్తే వాళ్ళావిడ 108 నొక్కింది. మోగింది రూమ్ నంబర్ 108లో. నిద్రలో ఉన్న గెస్టు తిట్టి పెట్టేశాడు. ఆవిడ పరుగెత్తుకుంటూ కిందికి వచ్చింది కాబట్టి సరిపోయింది. మర్నాడే నంబర్లన్నీ 2తో మొదలయ్యేలా మార్పించాను. 112, 108 ఏ ఫోన్ నుంచి నొక్కినా, ఏ క్లాస్‌లో ఉన్నా బయటికి పోవాలి. బార్ పెట్టే హడావిడిలో అందరూ మర్చిపోయేది ఇదే.

రేవు_గుమస్తా (సోమవారం, సాయంత్రం 4:40)

అమ్మో. ఇప్పుడే చూశాను, మా 108 స్టోర్ రూమ్. 112 ఓనర్ గారి కేబిన్.

లెక్కల_పిచ్చి (సోమవారం, సాయంత్రం 6:30)

ఇంత చర్చ దేనికండీ. రాత్రి ఉన్నది ఒక్కడు, కాల్స్ పోయింది రాత్రి, కోసేయడమే. నేను 25 ఏళ్ళు అకౌంట్స్ చూశాను, చిన్నగా ఉన్నప్పుడు వదిలేస్తే అలవాటవుతుంది.

సిరిపురం_హెచ్ఆర్ (సోమవారం, రాత్రి 7:10)

లెక్కలు గారూ, రుజువు లేకుండా జీతంలో కోత పెట్టడం కుదరదు. ఆ కోతని నష్టపరిహారం అనాలంటే ముందు అతన్ని అడగాలి, చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. రేవు గారూ, అసలు అతన్ని ఎవరైనా అడిగారా? "ఎందుకు చేశావ్" అని కాదు, "రాత్రిళ్ళు ఫోన్ వాడతావా, ఎవరికి చేస్తావ్" అని మామూలుగా.

రేవు_గుమస్తా (సోమవారం, రాత్రి 9:00)

అడగలేదండీ. నిజం చెప్పాలంటే మొహమాటం. 60 దాటిన మనిషి, పాలకొండ వైపు ఊరు, నన్ను "బాబూ" అంటాడు. ఇంటికి ఫోన్ చేసుకోవచ్చని చేరినప్పుడే మేం చెప్పాం కూడా. రేపు అడుగుతాను.

రిటైర్డ్_లైన్‌మన్ (మంగళవారం, ఉదయం 6:15)

నేను టెలిఫోన్ శాఖలో 34 ఏళ్ళు చేసి దిగిపోయినవాణ్ణి. ఎస్‌టీడీ బూత్‌ల ముందు రాత్రి 11 దాటితే పావు చార్జీ అని జనం వరసలో నిలబడ్డ రోజులు చూశాను, కాబట్టి దొంగ కాల్స్ గురించి కొంత తెలుసు. అందరూ వైద్యం చెప్తున్నారు, రోగం ఏమిటో ఎవరూ చూడలేదు. బాబూ రేవు, నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పు.

ఆ 23 కాల్సూ ఒకే నంబరుకా, వేరువేరా? డబ్బా వెనక సీరియల్ పోర్టుకి కంప్యూటర్ ఏమైనా తగిలించి ఉందా, కాల్స్ చిట్టా వచ్చేదానికి? ఉంటే ఆ రాత్రుళ్ళ చిట్టాలో ఏ ఎక్స్‌టెన్షన్ పడింది? బయటి లైన్‌కి మీరు నొక్కేది 0నా 9నా?

రేవు_గుమస్తా (మంగళవారం, ఉదయం 11:30)

మాస్టారూ, బయటి లైన్‌కి 0. ఒకే నంబరండీ, 23 సార్లూ. చిట్టా ఉంది! పాత అకౌంటెంట్ ఎప్పుడో సీసీ కెమెరాల కంప్యూటర్‌కి తగిలించి వెళ్ళాడు, నాకే తెలీదు, టెక్స్ట్ ఫైల్‌లో పడుతూనే ఉంది. కానీ విచిత్రం, ఆ కాల్స్ అందులో ఒక్కటీ లేవు. ప్రతి రోజూ రాత్రి 8:45, 8:50 దగ్గర చిట్టా ఆగిపోతుంది. మళ్ళీ ఉదయం 9:20కి మొదలు. మధ్యలో ఖాళీ. కంప్యూటర్ మాత్రం రాత్రంతా ఆన్‌లోనే ఉంది, కెమెరా రికార్డింగ్ ఉంది.

కొండమీద_సర్వర్ (మంగళవారం, ఉదయం 11:41)

లాగ్ చెరిపేశారు. నేను ముందే చెప్పా.

క్రోన్‌బాక్స్ (మంగళవారం, మధ్యాహ్నం 12:10)

తమ్ముడూ, ఆ డబ్బాలో చిట్టా చెరపడానికి లోపల ఏం ఉండదు, సీరియల్ తీగ మీద కక్కేస్తుంది అంతే. కక్కలేదంటే కాల్ దాని గుండా పోలేదు. రేవు గారూ, క్రోన్ (బయటి లైన్ల తీగలు వచ్చి కలిసే పెట్టె) దగ్గర ఎవరైనా లైన్‌కి నేరుగా ఫోన్ తగిలించుకున్నారేమో చూడండి. డబ్బాకి ముందే తీగ పట్టుకుంటే ఏ క్లాసూ ఆపలేదు. పోర్టు వైపు ఉప్పుగాలికి క్రోన్ పళ్ళు పచ్చగా చిలుం పడతాయి, కొత్తగా గీరిన పన్ను ఉంటే మెరుస్తుంది, ఇట్టే తెలిసిపోతుంది.

రేవు_గుమస్తా (మంగళవారం, మధ్యాహ్నం 2:30)

చూశాను. ఏమీ లేదు, సాలెగూళ్ళు తప్ప.

రిటైర్డ్_లైన్‌మన్ (మంగళవారం, మధ్యాహ్నం 3:05)

రాత్రి ఆఫీసుకి తాళం వేసేటప్పుడు మెయిన్ ఆపేస్తారా?

రేవు_గుమస్తా (మంగళవారం, మధ్యాహ్నం 3:20)

అవునండీ! రెండు నెలల కిందట ఏసీ స్టెబిలైజర్ కాలి పొగ వచ్చింది. అప్పటి నుంచి ఆఖరున వెళ్ళేవాడు మెయిన్ దించి వెళ్ళాలని ఓనర్ గారి ఆర్డర్. ఇన్వర్టర్ మీద కెమెరాలు, ఆ కంప్యూటర్, ఇంటర్నెట్ డబ్బా, రిసెప్షన్‌లో ఒక లైటు, అంతే. ఎలా కనిపెట్టారు?

రిటైర్డ్_లైన్‌మన్ (మంగళవారం, సాయంత్రం 4:00)

చిట్టా 8:50కి ఆగి 9:20కి మొదలైందంటే డబ్బా రాత్రంతా చచ్చి పడుందన్నమాట. చచ్చిన డబ్బాలోంచి కాల్ ఎలా పోయిందంటే, చెప్తాను.

ఇలాంటి డబ్బాల్లో కరెంటు పోతే ఫోన్ పూర్తిగా ఆగిపోకూడదని ఒక ఏర్పాటు ఉంటుంది. లోపల రిలే ఒకటి పడిపోయి, ఒకటో లైన్‌ని ఒకటో ఎక్స్‌టెన్షన్‌కి నేరుగా కలిపేస్తుంది. ఒకటో ఎక్స్‌టెన్షన్ మామూలుగా రిసెప్షన్‌దే. బటన్ల పెద్ద ఫోన్ అప్పుడు పలకదు, కానీ పక్కన ప్యారలల్‌గా మామూలు ఫోన్ ఉంటే అది పలుకుతుంది. మీ రిసెప్షన్‌లో అలాంటిది ఉందనే నా నమ్మకం. మీ ఒకటో లైన్ ఇంటర్నెట్ డబ్బా వెనక నుంచి వచ్చే ఫోన్ లైనే అయితే, ఆ డబ్బా ఇన్వర్టర్ మీద బతికే ఉంది కాబట్టి డయల్ టోన్ ఉంటుంది. ఆ సమయంలో క్లాసు లేదు, పట్టిక లేదు, పిన్ లేదు, చిట్టా లేదు.

ఇప్పుడు అసలు ముక్క. పగలు మీవాళ్ళు మొబైల్‌కి ఎలా చేస్తారు? లైన్ కోసం ఒక 0, మొబైల్ కోసం ఇంకో 0, తర్వాత 10 అంకెలు. మొదటి 0ని డబ్బా మింగేస్తుంది. రాత్రి డబ్బా చచ్చిపోయాక మింగేవాడు లేడు. రెండు సున్నాలూ నేరుగా ఎక్స్ఛేంజికి పోతాయి. రెండు సున్నాలంటే ఐఎస్‌డీ!

నువ్వు బిల్లు తీసి ఆ నంబరు చూడు. మాల్దీవుల కోడ్ 960, అక్కడ ఫోన్ నంబరు 7 అంకెలు. 3కి 7 కలిపితే ఎంత? ఆ 10 అంకెలూ కలిపి చదువు. అది మన మొబైల్ నంబరు. ఎవరిదో కనుక్కో.

క్రోన్‌బాక్స్ (మంగళవారం, సాయంత్రం 4:12)

మాస్టారూ 🙏 18 ఏళ్ళ నా సర్వీసు మీ కాళ్ళ దగ్గర పెడుతున్నా.

డాబాగార్డెన్స్_లాడ్జి (మంగళవారం, సాయంత్రం 4:30)

మరి మిగతా నంబర్లకి చేసినప్పుడు? 98తో మొదలయ్యేవి, 94వి?

రిటైర్డ్_లైన్‌మన్ (మంగళవారం, సాయంత్రం 4:55)

98 ఇరాన్ కోడ్, 94 శ్రీలంక. కానీ ఆ దేశాల్లో కోడ్ తర్వాత అంకెలు ఇంకా ఎక్కువ ఉండాలి. మన 10 అంకెల్లో 2 కోడ్‌కి పోతే 8 మిగులుతాయి, చాలవు. కాల్ కలవదు, చార్జీ పడదు. 960కి మాత్రం అంకెలు లెక్కగా సరిపోయాయి. అంతే, ఆ మనిషి దురదృష్టం.

రేవు_గుమస్తా (మంగళవారం, రాత్రి 9:50)

మీ అందరికీ ఎలా చెప్పాలో తెలీడం లేదు. ఆఫీసులోనే ఉన్నాను. సాయంత్రం వాచ్‌మన్ రాగానే "తాతా, ఇంటికి ఎవరికి ఫోన్ చేస్తావ్" అని అడిగాను. చిన్న కూతురికట. జేబులోంచి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కాగితం తీశాడు. 960తో మొదలైంది నంబరు. బిల్లు పక్కన పెట్టి చూశాను, పది అంకెలూ అవే.

పగలు డ్యూటీ పడ్డ రోజు కలుస్తోందట, రాత్రి చేస్తే "ఎవరో తురకం లాంటిది మాట్లాడుతున్నారు బాబూ, లైన్లు కలిసిపోతున్నాయేమో అనుకున్నాను" అన్నాడు. కలిసిపోతే సర్దుకుంటుందిలే అని రోజూ రెండు సార్లు ప్రయత్నం. తన సెల్‌లో రీఛార్జ్ అయిపోయింది, వచ్చే కాల్స్ కూడా రావడం లేదట. కూతురు నెలలు నిండి ఉంది, అందుకని ఆత్రం. ఫోన్ పక్కన గోడ మీద కాగితం అతికించి ఉంది, "బయటికి 0, మొబైల్ అయితే ఇంకో 0". రాసింది నేనే. 2021లో, నా చేత్తో.

మెయిన్ దించి, ఆ మామూలు ఫోన్ ఎత్తి ఒక్క 0తో చేసి ఇచ్చాను. ఒక్క రింగుకే ఎత్తింది ఆ అమ్మాయి. నేను బయటికి వచ్చి నిలబడ్డాను.

సిరిపురం_హెచ్ఆర్ (మంగళవారం, రాత్రి 10:05)

ఓనర్ గారికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. రేపటి దాకా ఆగొద్దు.

లెక్కల_పిచ్చి (మంగళవారం, రాత్రి 10:30)

సరే, తప్పు అతనిది కాదు, ఒప్పుకుంటున్నా. అయినా 23 సార్లు ఎవరో తెలియని భాష మాట్లాడితే ఒక్కసారైనా ఆఫీసులో చెప్పొద్దా?

సిరిపురం_హెచ్ఆర్ (మంగళవారం, రాత్రి 10:41)

చెప్తే "ఎందుకు చేశావ్" అంటారని భయం ఉంటుంది కదండీ. రిసెప్షన్ అమ్మాయి కూడా ఆ ఫారిన్ కాల్స్ సంగతి వారం దాకా చెప్పలేదు, ఆవిడ జీతంలో ఎవరూ కోయమనలేదే.

క్రోన్‌బాక్స్ (బుధవారం, ఉదయం 9:15)

ఇక పనిలోకి వద్దాం. రేవు గారూ, ఇప్పుడు అర్థమైంది కదా, డబ్బాలో ఎంత బిగించినా డబ్బా పడుకుంటే అన్నీ తెరుచుకుంటాయి. కాబట్టి ఐఎస్‌డీ తాళం డబ్బాలో కాదు, లైన్ ఇచ్చినవాళ్ళ దగ్గర వేయించాలి. ఒకటో లైన్‌కి ఐఎస్‌డీ మూయించేయండి. కొలంబో కోసం మూడో లైన్‌కి తెరిపించుకోండి, అది కరెంటు పోతే ఎవరికీ నేరుగా కలవదు. కొలంబో టేబుల్‌కి మూడో లైన్, పిన్‌తో. మిగతా అందరికీ 00 బార్. రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి నకలు దగ్గర పెట్టుకోండి, నోటితో చెప్పింది ఎవరికీ గుర్తుండదు.

డబ్బా ప్రోగ్రామింగ్ పాస్‌వర్డ్ ఫ్యాక్టరీది ఉంటే మార్చండి. డిసా వాడకపోతే మూసేయండి, సర్వర్ తమ్ముడు చెప్పింది మీ కేసులో కాకపోయినా భయం మాత్రం నిజమే, నేను కళ్ళారా చూశాను. పిన్‌లు అందరికీ ఒకటే ఇవ్వొద్దు. ఒకటే ఇస్తే వారంలో క్యాంటీన్ కుర్రాడికి కూడా తెలుస్తుంది.

కొండమీద_సర్వర్ (బుధవారం, ఉదయం 10:00)

ఒప్పుకున్నా మాస్టారూ, తొందరపడ్డాను 😄 కానీ ఐపీ (ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్లు) వైపు వెళ్ళేవాళ్ళు చదువుతుంటారు కాబట్టి ఒకటి చెప్తా. ఆస్టరిస్క్ పెట్టి, దానికి కాల్స్ వచ్చే 5060 పోర్టు ఇంటర్నెట్‌కి తెరిచి వదిలారంటే గంటల్లోనే పాస్‌వర్డ్‌లు గుచ్చి చూడటం మొదలవుతుంది. ఎక్స్‌టెన్షన్ 201కి పాస్‌వర్డ్ కూడా 201 పెట్టేవాళ్ళని చూశాను. పాస్‌వర్డ్ లేకుండా వచ్చే గెస్ట్ కాల్స్ ఆపండి, తప్పు పాస్‌వర్డ్ కొట్టే చిరునామాల్ని దానంతటదే అడ్డుకునే ఫెయిల్‌2బ్యాన్ పెట్టండి, ఇంటి నుంచి పనిచేసేవాళ్ళని వీపీఎన్ (ఆఫీసుకి రక్షణ ఉన్న ప్రైవేటు దారి) మీదే రానివ్వండి. ప్రొవైడర్ దగ్గర రోజువారీ ఐఎస్‌డీ పరిమితి ఉంటే అది తక్కువలో పెట్టించుకోండి. దీనికీ క్రోన్‌బాక్స్ అన్న చెప్పిందే వర్తిస్తుంది, ఆఖరి తాళం బయట ఉండాలి.

డాబాగార్డెన్స్_లాడ్జి (బుధవారం, మధ్యాహ్నం 12:20)

ఆ కరెంటు పోతే నేరుగా కలిపే తీగని పీకేస్తే గొడవ వదులుతుందిగా?

రిటైర్డ్_లైన్‌మన్ (బుధవారం, మధ్యాహ్నం 1:00)

వద్దు నాయనా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు నువ్వు ఊళ్ళో ఉన్నావా? సెల్‌లో సిగ్నల్ లేదు, కరెంటు లేదు. మా వీధి చివర ఒక ఇంట్లో ల్యాండ్‌లైన్ పలుకుతోందని తెలిసి వీధంతా వాళ్ళ గుమ్మంలోనే ఉంది, బతికున్నామని చెప్పుకోడానికి. రాత్రి ఒంటరిగా ఉండే ముసలాయనకి ఆ తీగే దిక్కు. తీగ ఉంచండి, కాగితం మార్చండి. "కరెంటు లేనప్పుడు ఒక్క 0 చాలు" అని పెద్ద అక్షరాలతో. 112, 108 కూడా రాయండి. డబ్బా ఆగినప్పుడు 108 నొక్కితే నేరుగా 108కే పోతుంది, డబ్బా నడుస్తుంటేనే మీ స్టోర్ రూమ్‌కి పోతుంది. ఆ పిచ్చి నంబర్లు మార్పించడం మర్చిపోకండి.

రేవు_గుమస్తా (తర్వాతి సోమవారం, సాయంత్రం 5:30)

జరిగింది చెప్తాను. ఒకటో లైన్‌కి ఐఎస్‌డీ మూయించడానికి అర్జీ ఇచ్చాం, రెండు రోజుల్లో అయింది. మూడో లైన్‌కి తెరవడం ఇంకా కాలేదు, కొలంబో వాళ్ళతో ఓనర్ గారు వాట్సాప్‌లోనే మాట్లాడుతున్నారు, ఇప్పుడు అసలు ఐఎస్‌డీ ఎందుకు అని నాకే అనుమానం వచ్చింది. టెక్నీషియన్ వచ్చి క్లాసులు సరిచేశాడు. మీరు చెప్పినట్టే అందరూ క్లాస్ 1లో ఉన్నారు, స్టోర్ రూమ్‌తో సహా. ఎక్స్‌టెన్షన్లు 2తో మొదలయ్యేలా మార్చాం. ఇప్పుడు ఎవరికి ఎవరి నంబరూ గుర్తులేక హాల్లో ఒకటే కేకలు.

ఈపీఏబీఎక్స్‌ని కూడా ఇన్వర్టర్ మీదకి మార్చాను. దాంతో రాత్రి కూడా రెండు సున్నాలే నొక్కాలి, కాబట్టి గోడ మీద కాగితం మళ్ళీ రాశాను, ఈసారి రెండు గళ్ళు గీసి. తాతకి చదివి వినిపించాను. "అర్థమయింది బాబూ" అన్నాడు గానీ, నా ముందు ఒకసారి నొక్కించి చూశాకే నమ్మాను.

జీతం కోత లేదు. ఓనర్ గారు ఏమీ అనలేదు, తాత సెల్‌కి మాత్రం మూడు నెలల రీఛార్జ్ చేయించమని డబ్బులిచ్చారు. కూతురికి శుక్రవారం ఆడపిల్ల పుట్టింది.

ఇంకొకటి. మొన్న పగలు మళ్ళీ ఆ 960 నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఈసారి రిసెప్షన్ అమ్మాయి పెట్టేయకుండా నాకు కలిపింది. అవతల ఎవరో పెద్దాయన, కొంచెం ఇంగ్లీషు వచ్చు. నెల రోజులుగా రాత్రిపూట ఎవరో ఫోన్ చేసి "అమ్మలూ, అమ్మలూ" అని పిలిచి పెట్టేస్తున్నారట. మా నంబర్ మీద వాళ్ళ టెలిఫోన్ కంపెనీకి ఫిర్యాదు ఇచ్చాడట.

కొండమీద_సర్వర్ (సోమవారం, సాయంత్రం 5:44)

అంటే వాళ్ళ ఊళ్ళో ఈపాటికి "ఇండియా నుంచి వచ్చే 0891 నంబరు ఎత్తకండి" అని ఎవడో నాలాంటివాడు పోస్టు పెట్టి ఉంటాడు 😂